పెరట్లో నీలం మంట

సర్కారు వారికి మడ అడవి మీద ఎప్పుడు ప్రేమ పుట్టిందో గానీ, ఆనాటి నుంచి గోదావరి పాయ ఒడ్డున పల్లెవాళ్ల పొయ్యిలకు పస్తులు మొదలయ్యాయి. ఎండుపుల్ల ఏరినా అటవీ జవాన్లు పట్టుకుపోయేవారు. వీరవేణి బతుకంతా పొయ్యి మీదే. పచ్చి రొయ్యలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొట్టు కొట్టి రొయ్యపప్పు చేస్తేనే ద్రాక్షారామం సంతలో నాలుగు గింజలు దొరికేవి. మొగుడు గంగయ్య నడుం విరిగి చేపల వేట మానేశాడు.

ఆ గంగయ్యే ఒకనాడు పెరట్లో మంచినీళ్ల కోసం తవ్వించిన గుంటలో బుడగలు చూశాడు. చుట్ట ముట్టించుకుని అగ్గిపుల్ల అటు విసిరితే నీళ్ల మీద నీలంగా మంట లేచింది. ఊరంతా అమ్మవారని పసుపు కుంకుమలు తెచ్చింది. గంగయ్య మాత్రం అడుగున చిల్లిపడ్డ కుండను గుంట మీద బోర్లించి, చుట్టూ బంకమన్ను మెత్తించి, ఆ చిల్లి దగ్గర మంట నిలబెట్టాడు.

"అమ్మయితే మరీ మంచిది. బిడ్డలకి కూడు ఉడకేస్తది" అన్నాడు.

ఆ మంట మళ్లీ ఆరలేదు. జోరువానలో కూడా రొయ్యల గంగాళం దాని మీంచి దిగలేదు. గంగయ్య పక్కనే చాప పరుచుకుని దానికి కాపలా ఉండేవాడు. నడవలేని మగాడికి అదే వేట.

శ్రావణంలో అతను పోయాడు. చావు ఇంట దినం వెళ్లేదాకా పొయ్యి వెలగకూడదు. అయినా పక్కింటి అచ్చాయమ్మ, ఎన్నో చావులు చూసిన ముసలిది, చెప్పనే చెప్పింది.

"అది నువ్వు రాజేసిన నిప్పు కాదే అమ్మాయ్. భూదేవిది. దానికి మైలేంటి? ఒదిలెయ్యి."

"ఆయన లేని ఇంట్లో మంట ఎలుగుతా ఉంటే, మొగుడికి మైల కూడా పట్టలేదంటారత్తా. ఆయనకి ఆ మాట రానివ్వను."

మొండిది. మనసున్న చోటే ఇంత మొండితనం ఉంటుంది కాబోలు. తడిగోనె కప్పి మంట ఆర్పింది. చిల్లిలో బంకమన్ను దట్టించింది. ఇంకా బుస వినిపిస్తోందని తిరగలి రాయి ఎత్తి పెట్టింది.

దినం వెళ్లింది. తలస్నానం చేసి, రాయి దించి, మన్ను తీసి, దీపం దగ్గర పెట్టింది. ఏమీ లేదు. కుండ పెకలించింది. గుంట నిండా ఉప్పునీళ్లు, కదలకుండా ఉన్నాయి. గునపం పట్టి నడుం లోతు తవ్వింది. బురద వచ్చింది, అంతే. అప్పుడు ఏడ్చింది, మొగుడు పోయిన రోజు కంటే ఎక్కువ.

మరిది వరసైన బంగార్రాజు రొయ్యల గంపతో వచ్చాడు.

"గంగాళం ఎక్కించు వదినా. ఇయ్యాల ఓ వింత చూశా. నడి ఏట్లో నీళ్లు కుతకుతా ఉడుకుతున్నాయి."

వీరవేణి ఒడ్డుకు వెళ్లి చూసింది. గంపతో బంగార్రాజూ వెంట వచ్చాడు. అవే బుడగలు. అక్కడ లోతెంతో, వడి ఎంతో ఆమెకు తెలుసు. అక్కడ కుండ బోర్లించడం ఎవరి వల్లా కాదు.

"రొయ్యలు ఏట్లో పోసెయ్యి బంగార్రాజూ. మీ అన్న బూడిద అక్కడే కలిపాం. పొయ్యి కూడా ఆయన ఎనకాలే పోయింది."

బంగార్రాజు ఏట్లోకి గంప వంచాడు.