రాహేలు టీచర్ వినని అధ్యాయం

లండన్ పొగమంచులో నడుస్తున్నాను, కాళ్ళ కింద మాత్రం మా బడి వరండా నాపరాళ్ళే చల్లగా తగులుతున్నాయి, వీధి దీపాల వరుస చివర ఆరో తరగతి బెంచీ మీద రాహేలు టీచర్ కూర్చుని ఉంది. ఆమె పోయి ఇరవై రోజులైందని నాకు తెలుసు, అయినా ఆశ్చర్యం కలగడం లేదు.

"వచ్చావా కెజియా? జ్వరం తగ్గిందా?"

చూపు పోయాక ఆమెకు రోజూ సాయంత్రం నేనే చదివి వినిపించేదాన్ని. రోజుకొక్క అధ్యాయం, పుస్తకం ఆమె అరలోనే ఉండాలి, అదీ మా ఒప్పందం. ఆఖరి పుస్తకం లండన్‌లో జరిగే హత్య కథ. అందులో డిటెక్టివ్ పోలీసు కాదు, విక్టోరియా రాణి కాలంలో నిజంగా బతికిన ఒక నవలా రచయిత. ఆగలేక ఒకరోజు పుస్తకాన్ని చున్నీలో దాచి ఇంటికి తెచ్చుకుని చివరిదాకా చదివేశాను. తర్వాత ఆమె ముందు కూర్చుంటే నా గొంతే హంతకుణ్ణి పట్టిస్తుందని భయం వేసింది. జ్వరమని కబురంపాను. ఐదో రోజు ఆమె పోయింది.

"జ్వరం కాదు టీచర్."

"తెలుసులేవే. అరలో తడిమితే పుస్తకం లేదు. నీ చెప్పుల చప్పుడేమో నాలుగు రోజులూ మా గేటు దాకా వచ్చి ఎనక్కి పోయింది. ఈమాత్రం కనిపెట్టడానికి లండన్ నుంచి రచయితలు రావాలా?"

ఆమె నవ్వుతోంది, నాకు నవ్వు రావడం లేదు.

"మరి పిలవలేదేం?"

"పిలిస్తే పారిపోతావని. పిల్లికూనవి."

"చంపిందెవరో చెప్పేస్తాను టీచర్, మనం అనుమానించిన ఆ గుర్రబ్బండి తోలేవాడు కాదు..."

"ఆపు! చెప్పమాక. చదువు."

పుస్తకం నా చేతిలోనే ఉంది, చదువుతున్నాను, వరండా పొడవు పెరుగుతోంది, బెంచీ దూరం జరుగుతోంది, "గట్టిగా చదవ్వే, ఇనపట్లా" అంటోంది ఆమె, ఎన్నడూ ఎవరి ముందూ ఎత్తనంతగా గొంతు ఎత్తుతున్నాను, హంతకుడి పేరున్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి బెంచీ కనిపించడం లేదు, మంచు ఒక్కటే ఉంది, ఆ మంచుకే పేరు చదివి వినిపిస్తున్నాను, అటునుంచి ఏ చప్పుడూ లేదు.

కళ్ళు తెరిస్తే ఆదివారం మధ్యాహ్నం. గుమ్మంలో అమ్మ.

"ఏందే, నిద్దట్లో అట్టా అరుస్తన్నావు? ఈధంతా ఇనపడింది."

ఏమీ లేదని చెప్పబోయాను. గొంతు బొంగురుపోయి మాట రాలేదు.