అతుకు లేని గోడ

పదకొండంటే మంచి అంకే, డాక్టరమ్మ రెండుసార్లు అంది కదా, గ్లకోమా ఆపరేషన్‌కి ముందు రెండు కళ్ళలోనూ ముప్పై నాలుగున్న ప్రెషరు పదకొండుకి దిగింది, ఇంతకంటే ఏం కావాలి. తర్వాత ఆవిడ ఇంకో మాట కూడా అంది. ఆ మాట దగ్గరికొచ్చేసరికి అతని ఆలోచన ప్రతిసారీ పక్క సందులోకి తిరిగిపోతోంది.

ఇరవై రెండేళ్ళుగా బడిపిల్లల వ్యాను నడుపుతున్నాడు. రెండు నెలల విరామం తర్వాత రేపు పొద్దున మళ్ళీ ఎక్కాలి. తాళంచెవి అప్పుడే చొక్కా జేబులో చేరింది.

ఇందాక బావమరిది వచ్చి రిపోర్టు చూసి నవ్వాడు.

"టైర్లో ముప్పై నాలుగుంటే బండి పరిగెడుతుంది. నీ కంట్లో ముప్పై నాలుగుంటే బండి ఆగింది. నీదంతా తిరకాసు లెక్క బావా."

"గాలి దించేశారుగా. ఇక రయ్యిమని పోవడమే."

బావమరిది వెళ్ళాక ఇల్లు సద్దుమణిగింది. ఎదురుగా గోడ, గోడమీద గడియారం. దాని కింద ఎడంపక్కన ఏమీ లేదు.

చూపు పోయినచోట చీకటి ఉంటుందనుకునేవాడు. చీకటైతే దానికో హద్దుండేది, వేలుపెట్టి చూపించేవాడు. ఇక్కడ గోడ వెల్లసున్నంతో సహా నిండుగా ఉంది, ఎక్కడా అతుకు లేదు. మొన్న గేటు దగ్గర, ఖాళీ రోడ్డు మీద, పక్కింటి పాప కనిపించింది. నడిచి రాలేదు. ఉన్నట్టుండి పుట్టుకొచ్చింది. అప్పటికే దాని చెప్పు ఇతని కాలికింద ఉంది.

"ఏమోయ్, కాసిని మంచినీళ్ళియ్యి," అని వంటింటివైపు కేకేశాడు.

"ఇక్కడే ఉన్నాను," అంది గోడ, భార్య గొంతుతో.

తల తిప్పితే ఆమె కనిపిస్తుందని తెలుసు. తిప్పలేదు.

"ఎప్పుడొచ్చావ్?"

"వెళ్తేగా రావడానికి. తమ్ముడు వెళ్ళినప్పట్నుంచీ మీ ఎదురుగానే పీటేసుకుని కూర్చున్నాను. మూడుసార్లు చెయ్యి ఊపాను. మీరు గడియారం చూసుకుంటున్నారు."

గోడ నిండుగానే ఉంది. అందులోంచి మెల్లగా ఊపిరి వినిపిస్తోంది.

"డాక్టరమ్మ ఇంకేమంది?" అని అడిగింది ఆ ఊపిరి.

ఈసారి తిరగడానికి పక్క సందు దొరకలేదు.

"పోయిన చూపు తిరిగి రాదంది. ఉన్నది నిలబెట్టామంది, అంతే. బండి ముట్టుకోవద్దంది."

"మీ వ్యాను ముందునుంచి దాటే పిల్లలు, ఈ పీటమీద నేనెంత ఎత్తుంటానో అంతే ఉంటారు," అందామె.

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. ఎవరూ లేని ఆ తెల్లటి గోడవైపు చెయ్యి చాచి, వెచ్చటి వేళ్ళు తగిలేదాకా ఆగి, వదిలేశాడు.