ఉప్పు పట్టిన కొమ్మ

సుకుమారి చివరి ఉప్పుకయ్య గట్టుమీద కూర్చుని నీళ్లమీదికి వంగింది. ఊపిరి తగలకుండా పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నల్లపట్ట పరిచిన కయ్య అడుగున తాను పడుకోబెట్టిన తుమ్మకొమ్మ ముళ్లన్నీ తెల్లబడ్డాయి. ఒక్క కొసరెమ్మ మాత్రం ఇంకా నల్లగా ఉంది.

ఉదయగిరి శివారులో నీళ్ల ప్లాంటు అది. బోరునీళ్లలోంచి తాగేనీళ్లు తీసి ఊరికి పంపగా మిగిలిన ఉప్పనీళ్లు కయ్యలోంచి కయ్యలోకి పారి, ఎండకు చిక్కబడి, చివరి కయ్యలో ఉప్పుగా దిగుతాయి. ఆ ఉప్పు గీకి కుప్పపోయడం సుకుమారి పని. తినడానికి పనికిరాదు, తోళ్ల వ్యాపారులు లారీలో తీసుకుపోతారు.

అంతకుముందు ముప్పై ఏళ్లు సంగం మాగాణుల్లో పరాయివాళ్ల వరి కోసింది. ఏటా చర్చిలో కోత పండగకు ఒకరు వడ్లు, ఒకరు గుమ్మడికాయ తెచ్చిపెట్టి, ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తుంటే, వెనక వరుసలో ఉత్తచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఈ ఏడు ఆమెకూ ఒక పంట ఉంది. పండగ రేపే.

పంపు నడిపే రాజమోహన్ నవ్వుతూ వచ్చాడు.

"ఏందక్కా, ముల్లుకు పూత నిండిందా?"

"దగ్గరికి రాబాకరా. నీళ్లు కదిలితే పలుకులు రాలిపోతాయి."

"అందరూ కాయలు తెస్తే నువ్వు ముల్లు తెస్తావా! వేలంలో దాన్నెవురు పాడతారు?"

"నువ్వే పాడు. నోరుండాది గదా."

అతను కొండవైపు చూశాడు. "మబ్బు లేచుండాది. వానపడితే అంతా కరిగిపోతాది. ఇప్పుడే తీసెయ్."

"ఆ రెమ్మొకటి కానీ. దేవుడికి సగం పంట పెట్టేదా?"

మధ్యాహ్నం సద్దన్నం తింటూ కూడా ఆమె మబ్బునే చూసింది. అది మెల్లగా మర్రిపాడు వైపు జరిగిపోయింది. పొద్దు వాలుతుండగా కయ్యలోకి దిగి, రెండు చేతులతో కొమ్మను పైకెత్తింది. కొసరెమ్మా తెల్లగా మెరిసింది. దాన్ని షెడ్డులో గోనెపట్టామీద పెట్టి, పక్కనే గుంజకు ఆనుకుంది.

"కాసేపు ఒరుగుతాన్రా."

ఇంటికి పోదామని రాజమోహన్ లేపబోతే లేవలేదు. నిద్రలోనే పోయింది. వేళ్లకొసలకు ఉప్పు అంటుకునే ఉంది.

సమాధి ఆదివారం సాయంత్రానికి పెట్టుకున్నారు. పొద్దున కోత పండగ ఆరాధనకు రాజమోహన్ ఆ కొమ్మను ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయి, గుమ్మడికాయల మధ్య ఉంచాడు. వేలంలో దాన్ని అతనే పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు.

ఇప్పుడది పంపుగది గూట్లో ఉంది. ముసురు పట్టినప్పుడు ముళ్లకొసల నుంచి ఒక్కొక్క చుక్క రాలుతుంది. ఎండ రాగానే మళ్లీ తెల్లగా గట్టిపడుతుంది.