మిగిలిన వాటా

భార్య చివరి మాటను మరదలు కాజేసింది. ఈ విషయంలో రాళ్లాయనకు అనుమానం లేదు. ఆసుపత్రిలో ఆవిడే ఫ్లాస్కు చేతికిచ్చి, వేడినీళ్లు తెమ్మని ఆయన్ని కిందికి పంపింది. ఆయన మెట్లెక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క పోతూ పోతూ తాను భాగ్యవంతురాలినని చెప్పిందని ఏడ్చింది. ఆయన నమ్మలేదు. ఆనాటి నుంచి ఆవిడతో మాట్లాడలేదు.

సమాధి రాళ్లు చెక్కడం ఆయన పని. వీధిలో అందరికీ రాళ్లాయనే. అసలు పేరు కరెంటు బిల్లుకు తప్ప ఎవరికీ తెలియదు. అందరి రాళ్లూ వేళకు అందించే మనిషి సొంత పెళ్లాం రాయి మాత్రం ముగించలేకపోయాడు. నల్లరాయి రేకుల షెడ్డులో గోడకు ఆనించి ఉంది. పేరు చెక్కాడు, తేదీలు చెక్కాడు. కింద ఒక వరుస ఖాళీ.

అక్కడ అమ్మ అన్న మాట పెట్టమని కూతురు పోరుపెడుతోంది. షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పేరూ తేదీలూ కాక ఇంకే మాట కావాలన్నా, ఆ మాట తెచ్చిన మనిషి రాయి ముందు నిలబడి, అది పోయినవాళ్లకు ఎలా తగునో చెప్పాలి. దయామయుడని చెక్కమంటే, ఆ పోయినాయన ఎవరి మీద దయ చూపాడో చెప్పాలి. చెప్పలేక నీళ్లు నమిలి, ఉత్త పేరుతో సరిపెట్టుకుని పోయినవాళ్లున్నారు. రాతి మీద అబద్ధం పడితే పూచీ తనదేనని ఆయన పట్టుదల.

కూతురు ముందు తనే ప్రయత్నించింది. నిఘంటువు తిరగేసి వచ్చింది. భాగ్యమనే మాట భాగంలోంచి పుట్టిందట. పంచగా ఎవరి వంతుకు వచ్చింది వాళ్ల భాగ్యమట. సుఖం, శుభం అనే అర్థాలు ఆ తర్వాత వచ్చి చేరాయట.

"వంతు అంటే ముక్కేగా," అన్నాడు. "మీ అమ్మ వంతుకొచ్చిన ముక్కను నేను. రాతిదుమ్ముకు తెల్లారిందాకా దగ్గే మొగుడు. దానికి సంబరం కూడానా? అయినా మాట తెచ్చింది నువ్వు కాదు."

కూతురు ఆ చివరి మాట పట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం పిన్నిని వెంటబెట్టుకుని వచ్చింది.

ఆయన వేరే ఎవరిదో రాయి మీద వంగి ఉన్నాడు. తల ఎత్తలేదు, కూర్చోమనలేదు. మరదలు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నల్లరాయి ముందు నిలబడింది.

"కట్టుబాటు కదా, చెప్పడానికొచ్చాను బావా. చెక్కితే చెక్కు, లేకపోతే మానెయ్."

సుత్తి ఆగలేదు. ఆవిడ ఆ చప్పుడులోనే చెప్పుకుపోయింది. వాళ్ల పుట్టింట్లో ఏది పంచినా, వాటాలు వేసినవాళ్లు చివరన తీసుకోవాలి. కత్తి ఎప్పుడూ అక్క చేతిలోనే ఉండేది. రొట్టె అయినా, పండు అయినా, చెల్లెలు ఏరుకోగా మిగిలింది అక్కది. పెళ్లీడు వచ్చాక రెండు సంబంధాలు ఒకేసారి వచ్చాయి. ఒకడు గుమస్తా, ఇంకొకడు రాళ్లు కొట్టేవాడు. అప్పుడూ ముందు నువ్వే చెప్పమంది అక్క. గుమస్తా చొక్కా ఎంత తెల్లగా ఉందో, నెల తిరిగేసరికి జీతం ఎలా చేతిలో పడుతుందో చెవినిల్లు కట్టుకుని చెప్పింది. చెల్లెలు గుమస్తా కావాలంది.

"నువ్వు మిగిలావు బావా. అక్క గొంతు కోశానని బతుకంతా కుమిలాను. ఆ రోజు క్షమించమని అడగాలనే నిన్ను నీళ్లకు పంపాను."

సుత్తి ఆగింది.

"అడిగితే నవ్వింది. పిచ్చిదానా, నాకు కావలసింది మిగిలేటట్టే ఎప్పుడూ వాటా వేసేదాన్ని, నీకు తెలియలేదా అంది. కిటికీలోంచి నిన్ను ముందే చూసిందట. నేనెక్కడ నిన్ను కోరతానోనని హడలి, ఆ తెల్లచొక్కాను అంత పొగిడిందట. కోరిన వాటా దక్కింది, నేను భాగ్యవంతురాలినే అంది. అవే ఆఖరి మాటలు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" ఇన్నాళ్లకు ఆయన ఆవిడతో అన్న మొదటి మాట అది.

"ఏమని చెప్పను? ఏరుకున్నాననుకున్నది నేను. ఏరింది అక్క. ఆ తెల్లచొక్కా ఆయనతో నేనెలా వేగానో నీకు తెలియంది కాదు."

కూతురికి ఫక్కున నవ్వొచ్చింది. నోరు మూసుకుంది.

"ఆ మాట నా చెవిన పడాల్సింది," అన్నాడు రాళ్లాయన.

"నీ ముందు అనేది కాదు బావా. నువ్వు నెత్తినెక్కి కూర్చుంటావని భయం దానికి."

ఆయన చేతిలో పని పక్కన పెట్టి లేచాడు. తడిగుడ్డతో నల్లరాయిని తుడిచి, ఆరాక ఖాళీ వరుస మీద సుద్దతో గీత గీశాడు. దాని మీద అక్షరాలు రాసుకున్నాడు. అలవాటు ప్రకారం ఒక్కో అక్షరానికీ వెనక్కి నిలబడి చూసుకున్నాడు. ఉలి పెట్టేముందు, గోడ పక్కనున్న పీటను కాలితో మరదలి వైపు నెట్టాడు. ఆవిడ దుమ్ము దులుపుకుని కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు మాట పూర్తయింది. కూతురు అక్షరాల మీద వేలు నడిపి చూసింది.

"అయితే నమ్మినట్టేనా నాన్నా? పిన్ని మీద కోపం పోయినట్టేనా?"

"కోపం అలాగే ఉంది. వేడినీళ్లు మరిచిపోను," అన్నాడు ఆయన ఉలి తుడుస్తూ. "మాట నిలబడింది, చెక్కాను. నాలుగు రోజుల్లో తీసుకెళ్లి నిలబెడదాం, మీ పిన్ని కూడా రావచ్చు. ఈ సంగతి మాత్రం ఇక నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేను ఎత్తను."