లెక్కలో లేని కూలి

తొర్రూరులో బీరువాలు చేసేవాళ్లు ఇంకొందరు ఉన్నారు గానీ, ధర కట్టడంలో తనను మించినవాడు లేడని చంద్రమోహన్ నమ్మకం. వరంగల్‌లో చిన్న పరిశ్రమల వాళ్లకు పెట్టిన శిక్షణకు వెళ్లివచ్చినప్పటి నుంచీ సరుకు ఖర్చు, కూలి ఖర్చు, పైఖర్చులు తప్ప ఆయన నోట మరో మాట లేదు. పెళ్లికి పోయినా, విస్తరి ఎంతకు పడిందో తేల్చిగానీ చెయ్యి కడిగేవాడు కాదు.

భూపాలపల్లిలో ఫర్నిచర్ షాపున్న బలరాం వచ్చిన రోజు ఆ విద్యంతా బయటికి తీశాడు. ఇరవై బీరువాలు కావాలి, ఒక్కోదానికి పదకొండు వేలకు పైసా ఎక్కువివ్వనంటాడు బలరాం. చంద్రమోహన్ వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చాడు. రేకు, తాళాలు, రంగు డబ్బాలు. వెల్డింగ్ చేసే తిరుపతికి కూలి. కరెంటు బిల్లు, షెడ్డు అద్దె ఒక్కో బీరువాకు ఎంత పడితే అంత. అన్నీ పోను ఆరు వందలు మిగులుతాయి.

బలరాం మూలకు చూశాడు. అక్కడ ఒకామె ముక్కుకు గుడ్డ కట్టుకుని, గుంటలు పూడ్చే లప్పం పెట్టిన తలుపును గరుకు కాగితంతో రుద్దుతోంది.

"మరి గామెకెంతిస్తున్నవ్? గది చెప్పనే లేదు."

"గామె మా ఇంటామె అన్నా!" చంద్రమోహన్ నవ్వాడు. "ఆమెకేం కూలి? ఖాళీగ ఉండుడెందుకని చేస్తది. అందుకే గద మీకు గీ రేటు పడుతున్నది."

బలరాం కూడా నవ్వి అడ్వాన్సు చేతిలో పెట్టాడు. మూలనున్న విజయ తల ఎత్తకుండా రుద్దుతూనే ఉంది. లప్పం, రుద్దుడు, రంగు అన్నీ ఏళ్ల తరబడి ఆమె చేతి మీదుగానే పోతున్నాయి. ఆ తలుపుల నునుపు చూసే భూపాలపల్లి నుంచి బేరం వచ్చింది. ఇంత చిన్న సంగతి మన ధరల పండితుడికి తట్టలేదు పాపం.

మర్నాడు విజయ వంట చేసిపెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని గడప దాటింది.

"యాడికి?"

"కూలికి."

ఎవరి దగ్గరికని అడిగితే తను దిగివచ్చినట్టవుతుందని చంద్రమోహన్ అడగలేదు. తలుపులకు తనే లప్పం పెట్టాడు, తనే రుద్దాడు, తనే రంగు కొట్టాడు. రంగు ఆరాక తిరుపతి ఒక తలుపు మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు.

"అన్నా, గీ తలుపు మూసేటోళ్లకు తోలు లేస్తది."

సరుకేదని బలరాం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. వారం తిరిగేసరికి చంద్రమోహన్ అహం కొంచెం మెత్తబడింది. బస్టాండు వెనక బీరువాల షెడ్డు నడిపే దయాకర్ దగ్గరికి వెళ్లి, రంగు పనివాళ్లెవరినైనా చూపించమన్నాడు.

"కొత్తగ ఒకామె దొరికింది," అన్నాడు దయాకర్. "ఆమె రుద్దితె తలుపు వెన్న లెక్కుంటది. గని బీరువాకు తొమ్మిది వందలు. బేరమాడకు, బాగుండదు."

అంటూ పక్కకు జరిగాడు. వెనక, ముక్కుకు గుడ్డ కట్టుకుని, విజయ.

చంద్రమోహన్ చెవులు కాలిపోయాయి. పనివాళ్లంతా చేతులాపి చూస్తున్నారు. ఆ సిగ్గులోనూ పాడు బుర్ర లెక్క కడుతూనే ఉంది. మిగిలేది ఆరు వందలు, ఇవ్వాల్సింది తొమ్మిది వందలు. అంటే ఇన్నేళ్లూ లాభమని గొప్పగా జేబులో వేసుకున్నది లాభం కాదు, ఈమె కూలి. అదీ పూర్తిగా కాదు. మిగిలిన మూడు వందలు కొన్నవాడికి దానం చేశాడు. అది తెలియక ఊరందరికీ లెక్కలు నేర్పబోయాడు. భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఇంటికి పోదాం పా," అన్నాడు గొణుగుతూ.

"పని మీదున్న. బలరామన్నకు ఫోన్ చెయ్యి. లెక్కల ఏం మరిచినవో నా ముంగట చెప్పు."

చేశాడు. కంగారులో స్పీకర్ మీద వేలు పడింది. తీయబోతే, "ఉండనియ్యి," అంది విజయ.

"అన్నా, రేటు తప్పు చెప్పిన. మా ఇంటామె కూలి..." విజయ వైపు ఓసారి చూశాడు. "ఆమె కూలి కలపలే."

"గప్పుడే అడిగిన గద నేను!" బలరాం నవ్వు షెడ్డంతా వినపడింది. "మాటంటే మాటే. రేటు మారదు, మాల్ జల్ది పంపు."

ఫోన్ పెట్టేశాడు. తను ఆ రోజు నవ్విన నవ్వు ఎంత చెడ్డగా ఉండి ఉంటుందో చంద్రమోహన్‌కు ఇప్పుడు తెలిసింది. తల దించుకున్నాడు.

"నీ ఇరవై బీరువాలు నేనే చేస్త," అంది విజయ. "ఒక్కోదానికి తొమ్మిది వందలు నాకియ్యి. నష్టం నువ్వు పెట్టుకో."

"సరే."

"ఇంకోపాలి రేటు చెప్పేటప్పుడు నన్ను పిలువు."

"పిలుస్త."

విజయ ముక్కు మీది గుడ్డ విప్పింది. తెల్లగా లప్పం అంటిన అరచెయ్యి ఆయన ముందుకు చాపింది.

"మరి అడ్వాన్సు?"

అందరూ చూస్తుండగా చంద్రమోహన్ జేబులో చెయ్యి పెట్టాడు.