బొమ్మలో ఓదెలు

కార్డు తాకించకుండా గేటు దాటబోయిన ఒక కుర్రాణ్ణి చెయ్యి అడ్డుపెట్టి ఆపి, ఓదెలు మళ్లీ గోడకేసి చూశాడు. రాయదుర్గంలోని ఆ ఆఫీసు కింది హాల్లో పొద్దున్నే తగిలించిన బొమ్మ అది. డబుల్ మంచమంత ఉంది. నిండా ఎర్రవీ నీలివీ గీతలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. పేరు మాత్రం 'జనం'. అందులో తానెక్కడున్నాడో ఓదెలుకు దొరకలేదు.

మొన్న ఎండాకాలంలో చిత్రకారిణి మెర్సీ ఇదే హాల్లో కూర్చుని, మెట్రో దిగి ఆఫీసుకు ఉరికొచ్చే జనాన్ని గీసుకునేది. ఆమె పుస్తకం తెరిస్తే చాలు, సెక్యూరిటీ ఓదెలు పొట్ట లోపలికి లాక్కుని, రెప్ప కొట్టకుండా నిలబడేవాడు. పెళ్లి ఫొటో దిగినప్పుడు నేర్చుకున్న విద్య. కాళ్లు వాచినా ఫికర్ చేయలేదు. బొమ్మలో పడుతున్నానని లచ్చమ్మతో చెప్పాడు. పెళ్లానికి చెప్పడమంటే లింగంపల్లిలో వాళ్ల గల్లీ మొత్తానికి చెప్పడమే. పక్క భవనంలో ఊడ్చే పని ముగించుకుని, సాయంత్రం ఆమె చూడ్డానికి వస్తోంది.

మధ్యాహ్నం మెర్సీ కనబడితే అడిగేశాడు.

"మేడం, నేనేడున్న గిండ్ల?"

ఆమె కాస్త ఇబ్బంది పడింది. "ఇందులో మనుషులు లేరండి. వాళ్ల పరుగే ఉంది. మీరేమో అసలు కదల్లేదు కదా."

సాయంత్రం లచ్చమ్మ చీర మార్చుకుని మరీ వచ్చింది.

"ఏడున్నవయ్యా?"

"లేనే. కదల్లేదంట."

"ఇంట్ల గూడ గంతే," అంటూ ఆమె బొమ్మ దగ్గరికి నడిచింది. చాలాసేపు చూసింది. నడుమ ఒకచోట రంగే లేదు. గీతలన్నీ అక్కడిదాకా వచ్చి, పక్కకు ఒరిగి, దాటాక మళ్లీ కలుస్తున్నాయి.

"మరి గీళ్లందరు ఎవల్ని తప్పిచ్చుకొని పోతున్నరు?"

ఓదెలు గేటు వదిలి దగ్గరికొచ్చాడు. ఆ ఖాళీ ముందు కాసేపు నిలబడ్డాడు.

ఇంటికి వెళ్లే ఎంఎంటీఎస్ రైల్లో అదృష్టం కొద్దీ సీటు దొరికింది. ఓదెలు బూట్లు వదులు చేసుకున్నాడు.

"గల్లీల ఏం చెప్తవే?"

"నట్టనడుమ నిలవెట్టిండ్రని చెప్త."

అతను నవ్వి, ఎన్నడూ లేనిది, అందరి ముందూ ఆమె భుజం మీద తల వాల్చాడు. హఫీజ్‌పేట, చందానగర్ దాటాయి. లింగంపల్లిలో లచ్చమ్మ లేపింది. దిగేవాళ్లంతా దిగిపోయారు. మళ్లీ లేపింది. అతని చెయ్యి అప్పటికే చల్లబడి ఉంది.

స్టేషనువాళ్లు వచ్చి అతన్ని మోసుకుని దించారు. లచ్చమ్మ వెనకే నడిచింది. సీటు కింద ఎడమకాలి బూటు ఒకటి ఉండిపోయింది, లేసులు వదులై, పాదం ఆకారంలోనే ఉబ్బి.