పేగు వదులైన మధ్యాహ్నం

"సాయంత్రం మా ఆఫీసు వాళ్లు ఎనిమిది మంది వస్తున్నారు. హోటల్ నుంచి తెప్పిద్దామంటే వినట్లేదు, నీ చేతి వంటే కావాలట" అని మా ఆయన ఫోన్ చేసే సమయానికి నేను గినీపిగ్ పేగు ముక్కకు దారం కడుతున్నాను. రెండు చేతులకూ గ్లవ్స్, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య. "కాస్త ముందే వచ్చెయ్ బంగారం" అని పెట్టేశారు.

ల్యాబ్‌లో నా పని ఇది. ఆ ముక్కను వెచ్చటి ఉప్పునీళ్లలో వేలాడదీసి, ఆక్సిజన్ బుడగలు వదులుతూ బతికించుకోవాలి. కరెంటుతో నరాన్ని తట్టితే కండరం వదులవుతుంది, తెర మీద గీత కిందికి దిగుతుంది. ఓపియాయిడ్ పెప్టైడ్ చుక్క వేస్తే దిగదు. నల్లమందు చేసే పనే చేసే ఈ పెప్టైడ్లు మన ఒంట్లోనే తయారవుతాయి, నొప్పి తెలియనివ్వవు. కండరానికి ఏ లోపమూ ఉండదు. వదులవమని నరం చెప్పే మాటే దానికి అందదు. అది రుజువు కావాలంటే పెప్టైడ్‌కు విరుగుడు మందు వేసి చూడాలి, గీత మళ్లీ దిగాలి. పోయిన రెండుసార్లూ సరిగ్గా విరుగుడు దాకా వచ్చేసరికి ఇంటికి చుట్టాలొచ్చారు. ముక్క మర్నాటిదాకా బతకదు, పారేసి వెళ్లాను. ఈసారీ కాకపోతే పని ఇంకొకరికి ఇస్తానని మా మేడమ్ మెత్తగానే చెప్పింది.

నిజం చెప్పాలంటే, బంగారం అనగానే నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. అదే నా ఖర్మ. మా అత్తగారు తిట్టే మనిషైతే ఎప్పుడో తిరగబడేదాన్ని. ఆవిడ వచ్చినవాళ్లందరి ముందూ "మా కోడలు మిషనండీ, కూచోమన్నా కూచోదు" అంటుంది. ఎప్పుడు కూచోమందో నాకైతే గుర్తులేదు. అయినా ఆ మాట చెవిన పడితే చాలు, నడుం నొప్పి ఎటో పోతుంది, లేచి ఇంకో వాయి వేస్తాను. నొప్పి పోవడం మంచిదే అనుకున్నాను ఇన్నేళ్లూ.

ముక్కను వేలాడదీసి, పెప్టైడ్ వేసి, గీత దిగకపోవడం చూశాక విరుగుడు వేశాను. నరాన్ని తట్టాను. గీత కాసేపు బెట్టు చేసి, దిగింది. ఇంకోసారి తట్టినా దిగింది. స్టూల్ లాక్కుని కూచున్నాను, అప్పుడు తెలిసింది నడుం నొప్పి. ఇంకా చాలాసార్లు చేసి చూడాలి.

మళ్లీ ఫోన్. "బయల్దేరావా?"

"లేదండీ, పనుంది. పని లేకపోయినా ఇవాళ వండలేను."

"ఏమైంది? అమ్మ ఏమైనా అందా?"

"ఎవరూ ఏమీ అనలేదు. అలసిపోయానండీ."

నా నోటివెంట ఆ మాట ఆయన వినడం అదే మొదటిసారి. నేను వినడం కూడా.